ప్రభ వెనక జనరేటర్

కోటప్పకొండ తిరునాళ్ళకు మా ఊరి ప్రభ బయల్దేరిందంటే నాకు అన్నం సయించదు. జనరేటర్ అద్దెకిచ్చే బతుకు మాది. వెదుళ్ళతో కట్టి ఊరేగించే అంతెత్తు ప్రభ మీద బల్బులన్నీ వెలిగేది మా జనరేటర్ మీదే. నిరుడు సరిగ్గా కొండ ముందుకు వచ్చాక అది చతికిలబడింది. పక్క ఊరివాళ్ళు ఏడాది పొడుగునా మమ్మల్ని ఆడిపోసుకున్నారు. ఈసారీ ఆగితే పై ఏడు గుంటూరు నుంచి వేరేది తెప్పిస్తానని ప్రభ పెద్ద బాలకోటయ్య బాబాయి అందరి ముందూ అనేశాడు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

అందుకే ఈసారి నేనూ మా ఆయన కోటిబాబూ పండక్కి ముందే ఇంజన్ పని పట్టాం. గాలిని బలంగా లాగే టర్బో ఉన్న ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ అది. ఆరింటికీ డీజిల్ సమానంగా అందాలి. ఒక్క నాజిల్ సరిగా చిమ్మకపోయినా ఇంజన్ కుంటుతుంది, లైట్లు ఊగుతాయి. కరోనా అప్పుడు నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూశారే, అలాంటి గన్ను ఇంజన్లకూ దొరుకుతుంది. దానితో పొగ బయటికొచ్చే చోట ఒక్కో సిలిండర్ వేడి చూస్తే మూడోది చల్లగా తగిలింది. నాజిల్ మార్చాం. ఆరూ ఒకే వేడికి వచ్చాయి. ఆ రోజు పరమాన్నం వండాను.

శివరాత్రి నాడు కొండ కనిపించే చోటికి చేరేసరికి పొద్దుగూకుతోంది. డప్పులు, ఈలలు, "చేదుకో కోటయ్యా" అని కేకలు. వెనక ట్రైలర్ మీద మా ఇంజన్ తేలిగ్గా తిరుగుతోంది.

"వెయ్యమ్మాయ్ లైట్లు," అన్నాడు బాలకోటయ్య బాబాయి.

వేశాను. ప్రభ నిలువెత్తునా వెలిగింది, జనం హోరెత్తారు. అంతలోనే బల్బులు ఎర్రబడ్డాయి. ఇంజన్ రొప్పుతూ నల్లటి పొగ కక్కింది.

మా ఆయన స్పానర్ అందుకున్నాడు. "మళ్ళీ నాజిలే. పంపు పెంచి డీజిల్ ఎక్కువ పంపిస్తా."

"పంపు ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. ముందు వేడి చూడనియ్యి."

"ఊరంతా నెత్తిమీద నిలబడితే ఇప్పుడు చూసేదేందే?"

"చూడకుండా పంపు తిప్పేగా నిరుడు పరువు పోయింది."

గన్ను పెట్టాను. ఒక్కటన్నా చల్లగా ఉంటే నాజిల్ అనుకోవచ్చు. ఆరూ సమానంగానే ఉన్నాయి, కాకపోతే ఇంటి దగ్గర చూసినప్పటికంటే చానా ఎక్కువ కాలిపోతున్నాయి. డీజిల్ పంపకంలో తప్పు లేదు. నల్ల పొగ కక్కుతోందంటే అందనిది గాలి.

ట్రైలర్ అవతలివైపుకు ఒక్క గెంతు గెంతాను. గాలి పీల్చే ఫిల్టర్ మెడకు పసుపు అద్దిన కొత్త కండువా కట్టి ఉంది. లైట్ల బరువు పడగానే ఇంజన్ గాలిని గట్టిగా లాక్కుంది, దాంతోపాటు కండువా కొంగునూ. మూతి పూర్తిగా మూసుకుపోయింది.

ఊడబెరికాను. పొగ తేలిపోయింది, ఇంజన్ గొంతు సర్దుకుంది, ప్రభ కింది నుంచి పైదాకా తెల్లగా వెలిగింది. పక్క ఊరివాళ్ళు కూడా ఇటే చూస్తున్నారు. నాకు ఎగిరి ఈల వెయ్యాలనిపించింది, వేశాను కూడా.

ఆ ఊపులోనే నోరు జారింది. "ఏ దరిద్రుడు కట్టాడు దీన్ని?"

బాలకోటయ్య బాబాయి మెల్లగా ముందుకొచ్చాడు. భుజం మీద కండువా లేదు.

"నేనేనమ్మాయ్. ప్రభను ఎడ్లు లాగే రోజుల్లో వాటికి కొత్త గుడ్డ కప్పి, మొక్కి కదిలించేవాళ్ళం. అట్లాగే నీ ఇంజన్‌కూ కట్టి, ఆగకూడదని మొక్కుకున్నా."

"మరి గుంటూరుది తెప్పిస్తానంటివి?"

"కోపంలో అన్నా. మన ప్రభకు మన ఇంజనే ఉండాలని నాకు మాత్రం ఉండదా?"

కండువా దులిపి, ఫిల్టర్‌కు దూరంగా, ట్రైలర్ కమ్మీకి గట్టిగా ముడేశాను.

"పై ఏడు ఎక్కడ కట్టాలో నన్నడిగి కట్టు బాబాయ్."

"అడుగుతాలే," అని ఆయన డప్పులవాళ్ళకు చెయ్యి ఊపాడు.