ఏరు పొంగిన నాటి టోపీలు

సొంతూళ్ళో ఏరు పొంగిందని ఫోన్ వచ్చేసరికి వాటీ రెన్నీ ఇన్వర్‌నెస్ పట్నంలో పాత సిపాయి బ్యాడ్జీలు అమ్మే సంతలో ఉన్నాడు. చేతిలో ఉన్న దుప్పి తల బ్యాడ్జిని బల్ల మీద పెట్టేసి కారెక్కాడు. దారంతా ఒకటే దిగులు. ఇంట్లో కింది గది నిండా అతను కుర్రతనం నుంచీ పోగేసిన సిపాయిల టోపీలే. వెనక రెండు రిబ్బన్లు వేలాడే గ్లెన్‌గారీ టోపీలు, నడినెత్తిన ఎర్ర కుచ్చు ఉన్నవి, అన్నిటికంటే ప్రాణమైన నల్లటి ఈకల టోపీ. నిప్పుకోడి ఈకలతో జానెడు పైనే ఎత్తుంటుంది. దాన్ని పెట్టుకున్న సిపాయి ఎవరో, యుద్ధం నుంచి తిరిగొచ్చాడో లేదో వాటీకి తెలియదు. అందుకే దాన్ని మరింత భద్రంగా చూసుకునేవాడు.

తన ఊరు హంట్లీ చేరేసరికి నీళ్ళు మోకాళ్ళ లోతుకు తగ్గాయి. కిటికీ అద్దం పగిలి ఉంది. గదిలో గోడ మేకులు తప్ప ఏమీ లేవు. అన్నీ ఏట్లో కలిసిపోయాయనుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

అప్పుడు గట్టు మీది పక్కింట్లోంచి ఎఫీ మిల్న్ కేకేసింది. కంచె మొక్కలు కొట్టే దగ్గర గొడవపడి ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. చచ్చినవాళ్ళ టోపీలు ఏరుకునేవాడని ఊళ్ళో అతన్ని ఎగతాళి చేసేది కూడా ఆవిడే.

వెళ్ళి చూస్తే వంటింట్లో గిన్నెలు, టీ కెటిళ్ళు, కూజాలు అన్నీ టోపీలు పెట్టుకుని కూర్చున్నాయి. ఆకారం చెడకుండా వాటికి తొడిగి ఆరబెట్టింది. తుడిచిన బ్యాడ్జీలు తువ్వాలు మీద మెరుస్తున్నాయి. ఎఫీ ఒకప్పుడు ఆడవాళ్ళకు జుట్టు దిద్దేది. ఆ పాత దువ్వెనతోనే ఇప్పుడు ఈకల టోపీ చిక్కు తీస్తూ, జుట్టు ఆరబెట్టే మిషన్‌తో చల్లగాలి పెట్టి ఆరబెడుతోంది.

"కిటికీ నేనే పగలగొట్టాను. తిట్టదలచుకుంటే తర్వాత తిట్టు," అంది.

వీధి వీధంతా నీళ్ళలో వరసగా నిలబడి, టోపీలన్నిటినీ ఒకరి చేతిలోంచి ఒకరికి అందించుకున్నారట.

వాటీ అడిగాడు.

"వీటిని వెక్కిరించేదానివిగా ఎఫీ, ఎందుకు కాపాడావు?"

"వెక్కిరించింది నిన్ను. టోపీలు నన్నేం చేశాయి?" అని, దువ్వెన ఆపింది. "ఇన్నేళ్ళూ ఎవరికీ పట్టని ఈ సిపాయిలని నువ్వు కనిపెట్టుకుని ఉన్నావు. ఒక్క పూట మేం చూసుకోలేమా?"

అతను కళ్ళు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు. ఈకలు కింది నుంచి పైకి ఎలా విడదీయాలో చూపించాడు. ఆవిడ అలాగే చేసింది.

వంట చేద్దామంటే ఖాళీ గిన్నె ఒక్కటీ లేదు. వాటీ గట్టు మీది అంగడికి వెళ్ళి వేయించిన చేపలు, బంగాళాదుంప ముక్కలు వీధి అందరికీ కట్టించాడు. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, తన నెత్తి మీది టోపీ తీసి, వేడి పొట్లం చేతిలో పెట్టి, ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచి, నీ మేలు మరచిపోనని చెప్పాడు.