వకుళకు సరిపోని అడుగు

నేను ఒక్క అడుగు కూడా ముందుకు వేయకుండానే మనుషుల్ని నడిపించే యంత్రాన్ని. క్రాస్ ట్రైనర్ అంటారు. రెండు పెడళ్లు, చేతులతో ముందుకీ వెనక్కీ ఆడించే రెండు పిడులు, ఒక బరువైన చక్రం, ఇంతే నేను. నా మీద అడుగు ఎంత దూరం సాగాలన్నది నన్ను చేసినచోటే ఖాయం చేసేశారు. పొట్టివాళ్లకు హాయి. పొడుగువాళ్లు ఎక్కితే మోకాళ్లు ముడుచుకుని తంటాలు పడాలి.

కాకినాడలో ఒక షాపులో నన్ను కొన్నవాడు భీమశంకరం. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. భార్య వకుళకు నడుంనొప్పి వస్తే డాక్టరు వ్యాయామం చేయమన్నాడట. ఆమె కోసం ఒక్కడే వచ్చి, తనే ఎక్కి తొక్కి, బాగుందన్నాడు.

"మేడంగారు ఎంత ఎత్తుంటారండీ? పొడుగైతే ఇది పనికిరాదండి. ఓసారి తీసుకొచ్చి ఎక్కించి చూడండి" అన్నాడు షాపతను.

చుట్టూ వేరే కొనుగోలుదార్లు ఉన్నారు. భీమశంకరం గొంతు తగ్గించాడు. "నా అంతే ఉంటుందిలెండి. ఇంకా కాస్త తక్కువే."

నన్ను ఇంటికి చేర్చిన సాయంత్రం వకుళ తలుపు తీసింది. భర్త పక్కన నిలబడితే అతని తల ఆమె చెవి దాకా వచ్చింది. అబద్ధం ఆడింది అతను. సిగ్గుతో చచ్చింది నేను.

ఆమె నా మీద పాపం ఎంతో ప్రయత్నించింది. "ఏవండీ, ఇది నాకు ఇరుగ్గా ఉందండి. మోకాళ్లు పట్టేస్తున్నాయి" అని చెప్పింది కూడా.

"అలవాటు లేక. ముందు బద్ధకం వదిలించుకో" అన్నాడతను, పేపర్లోంచి తల ఎత్తకుండా. నిజం తెలిసినవాళ్లం ఆ గదిలో ఇద్దరం. ఒకరికి నోరు లేదు, ఇంకొకరు విప్పలేదు.

ఒక ఆదివారం ఆఫీసు స్నేహితులు వచ్చారు. భీమశంకరం నన్ను గొప్పగా చూపించి, "వకుళా, ఓసారి ఎక్కి చూపించు" అన్నాడు. ఆమె వద్దని కళ్లతోనే బతిమాలింది. అతను వినలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని ఎక్కింది. నాలుగు అడుగులు పడ్డాయో లేదో, పెడల్ మీంచి పాదం జారి కింద పడిపోయింది.

"మెషీన్‌కి ఏం కాలేదు కదండీ?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. భీమశంకరం కూడా నవ్వాడు. వకుళ లేచి చీర సర్దుకుని, "కాఫీ తెస్తాను" అని లోపలికి వెళ్లిపోయింది. నా బోల్టులన్నీ ఊడి అక్కడే కుప్పకూలితే బాగుండుననిపించింది.

నవ్వనిది ఒక్క కనకరత్నమ్మ, భీమశంకరం తల్లి. వచ్చినవాళ్లు వెళ్లగానే ఆవిడ కుచ్చిళ్లు ఎగదోపుకుని నా మీదకెక్కింది.

"ఏరా శంకరం, ఇలా రా. నాకు ఉయ్యాలూగినట్టుంది చూడు. నాదీ నీదీ ఒకటే ఎత్తు. కొనేటప్పుడు కోడల్ని ఎక్కించావా?"

"లేదమ్మా."

"షాపువాడు అడగలేదా?"

"అడిగాడు. నా అంతే ఉంటుందని చెప్పాను. పదిమందిలో నాకంటే పొడుగని చెప్పలేకపోయానమ్మా."

వకుళ కాఫీ కప్పులు తీయడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏడవలేదు, అరవలేదు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ మీ పక్కన వంగే నడుస్తున్నానండి, మీకు చిన్నతనంగా ఉండకూడదని. ఈ నడుంనొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు?"

అలా అని, గోడకు చెయ్యి ఆనించి నెమ్మదిగా నిటారుగా నిలబడింది. ఆమె అంత పొడుగని నాకూ అప్పటిదాకా తెలియదు. భీమశంకరం తలెత్తి చూశాడు. చూడలేక దించేసుకున్నాడు.

ఇప్పుడు నేను కనకరత్నమ్మ సొత్తు. కార్తీక పురాణం వింటూ తొక్కుతుంది. నేనూ ఒకరికి పనికొస్తున్నానని సంతోషించాలి కానీ, వకుళ గదిలోకి వస్తే మాత్రం ఇప్పటికీ నా చక్రం కిర్రుమంటుంది.

మొన్న ఉదయం ఆమె సముద్రం వైపు నడకకు బయల్దేరింది. భీమశంకరం గుమ్మం దగ్గర తచ్చాడి, "నేనూ రానా?" అని అడిగాడు.

ఆమె చెప్పులు తొడుక్కుంటూ అంది.

"రండి. కానీ నేను మెల్లగా నడవను."

అతను వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు.