ఎరుపు కింద గీత

మా ఆయన రాసిన కోడ్ మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. మనిషి ఎంత నెమ్మదో, కోడ్ అంత గందరగోళం. పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు, కొత్త కోడలిని, నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయాను.

"ఇది కూసొని రాసినవా, లోకల్ ట్రైన్‌ల నిలబడి రాసినవా?" అన్నాను.

రితేశ్ నవ్వాడు. "నడుస్తుంది గదా."

అతనికి ఏదైనా నడిస్తే చాలు. నాకు అలా కుదరదు. నేనూ వేరే ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్నే. భివండిలో ఉన్న మా పుట్టింట్లో చెంచా కూడా తన చోట తానుండాలి. ముంబై కామాటిపురలో ఈ ఒంటిగది కాపురానికి వచ్చాక నేను చేసిన మొదటి పని అటక మీద సామానంతా దింపి సర్దడం. మా అత్తమ్మ రత్నాబాయి వారం రోజులు ఇడ్లీపాత్ర వెతుక్కుంది. పాపం, ఒక్క మాట అనలేదు.

రితేశ్ పని ఏమిటంటే, సర్వర్లు పంపే సమాచారాన్ని టెర్మినల్లో, అంటే అక్షరాలు తప్ప బొమ్మలూ బటన్లూ ఉండని నల్ల తెర మీద, రంగులు వేసి చూపించే ప్రోగ్రాం. ఆగిపోయిన సర్వర్ ఎర్రగా, నడుస్తున్నది పచ్చగా. ఏ రంగు కావాలో ఒకరు పేరుతో రాస్తారు, ఒకరు అంకెతో రాస్తారు, ఇంకొకరు హాష్ గుర్తు పెట్టి ఆరక్షరాలు రాస్తారు. వీటన్నిటినీ చదివి అర్థం చేసుకోవడమే ఆ కోడ్ పని. అదంతా ఒకే ఫంక్షన్‌గా, అంటే ఆదేశాలన్నీ ఒకే మూటగా కట్టి, రాసి పారేశాడు. కిందికి దింపుతూ పోతే వేలు నొప్పి పుట్టాలి. లోపల పేర్లు చూద్దామా అంటే ఎ, ఎఎ, ఎక్స్‌టూ.

"సోమవారం రివ్యూ ఉంది నీతా," అన్నాడు ఆ శనివారం పొద్దున. ఈసారి నవ్వలేదు. "నేను తప్ప ఇంకెవ్వరు చదవలేకపోతే ఈ పని పుణే ఆఫీసోళ్లకు ఇస్తరంట. నన్ను మళ్ల నైట్ డ్యూటీకి తోలుతరు."

ఆ నైట్ డ్యూటీలోంచి బయటపడ్డాడంటే ఈ ప్రోగ్రాం పుణ్యమే. ఎవరూ అడగకుండా తనంతట తాను రాశాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. నాకు ఆ మొహమంటే ఇష్టం.

"తోలనియ్యను. జరుగు," అని లాప్‌టాప్ లాక్కున్నాను.

చేసే పని మారకూడదు, చదవడం మాత్రం తేలిక కావాలి. మా వృత్తిలో రీఫ్యాక్టరింగ్ అంటే అదే. పెద్ద ఫంక్షన్‌ని ముక్కలు చేశాను. పేరును చదివేది ఒకటి, అంకెను చదివేది ఒకటి, హాష్‌ది ఒకటి. ఎక్స్‌టూ అంటే ఏమిటని అడిగితే రితేశ్ తల గోక్కుని "పచ్చ ఎంతుందో అది" అనేవాడు. సరే, 'పచ్చవాటా' అని పేరు పెట్టేదాన్ని. కింద ఫాక్‌లాండ్ రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి, అత్తమ్మ చాయ్ ఇస్తూనే ఉంది. అంత హాయిగా ఇద్దరం కలిసి ఎప్పుడూ కూర్చోలేదు. ఇంతలో అత్తమ్మకు మేనత్త వరసయ్యే ఒకావిడ అడిగితే రితేశ్ ఆమెను పక్కనున్న నాగ్‌పాడాలో దింపడానికి వెళ్లాడు.

అతను లేనప్పుడే ఆ ముక్క కనిపించింది. ఎరుపు ఎక్కువగా ఉంటే అక్షరాల కింద గీత గీస్తోంది. పచ్చ ఎక్కువగా ఉంటే అందులో నీలం కలుపుతోంది. పక్కన ఒక్క మాట వివరం లేదు. పచ్చ అడిగినవాడికి పచ్చ ఇవ్వాలి గాని నీలం కలపడమేమిటి? ఎప్పుడో ప్రయోగం చేసి మరిచిపోయి ఉంటాడనుకుని తీసేశాను. తర్వాత కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు రాశాను. నేను అనుకున్నదే సరి అని రాశాను కాబట్టి, నేను అనుకున్నదే సరి అని తేలింది.

ఆదివారం మధ్యాహ్నం, మర్నాటి రివ్యూలో ఎలా చెబుతాడో ఒకసారి చెప్పి చూడమన్నాను. రితేశ్ ప్రోగ్రాం నడిపించాడు. తెర మీద వరసలు పడ్డాయి.

"ఇగో, ఇవి ఆగిపోయినయి," అని వేలు పెట్టాడు. అవి పచ్చవి.

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అతను మొహం తెరకు దగ్గరగా పెట్టి, వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరికి వెళ్లాడు. చెవులు కందిపోయాయి.

"గీత ఏది నీతా? ఎరుపు కింద గీత ఉండాలె."

"తీసేసిన. పనికిరాదనుకున్న."

కింద కూర్చుని మెంతికూర ఒలుస్తున్న అత్తమ్మ చేయి ఆగిపోయింది.

అప్పుడు ఒకటొకటిగా అర్థమైంది. అతనికి ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు. అతని చొక్కాల్లో కొన్నిటికి కాలర్ లోపల తెల్లదారం కుట్టు ఉంటుంది, లాండ్రీ గుర్తనుకున్నాను, అది రంగు గుర్తు. కూరగాయల తుకారాం అందరినీ ఏరుకోమంటాడు, ఇతనికి మాత్రం తానే ఏరి ఇస్తాడు. వరసగా ఒంటిగదులున్న ఈ చాల్ మొత్తానికి తెలుసు. కట్టుకున్నదాన్ని, నాకే తెలియదు.

"నాకెందుకు చెప్పలె?" అన్నాను. గొంతు పెరిగింది.

రితేశ్ నోరు తెరిచేలోపే అత్తమ్మ అంది. "నేనే వద్దన్న బిడ్డా. మా తమ్ముడు గంగారాంకు గూడ గిదే. రైల్వేల డ్రైవర్ నౌకరి దొరికింది. కండ్ల పరీక్షల పోయింది. చాల్ చాలంత నవ్వింది. ఆడపిల్లలు గూడ పిలిచి ఇదేం రంగు, అదేం రంగు అని అడుగుదురు. చెప్తే పిల్లనిస్తరా మాకు?"

ఇస్తారో లేదో నేను చెప్పలేను. మా నాన్న ఏమనేవాడో తెలియదు. నాకు మాత్రం కోపం పట్టరానంతగా వచ్చింది, చెప్పనందుకు. దానికన్నా ఎక్కువ బాధ వేసింది. ఇతను తనకు తేడా తెలియని రెండు రంగుల మీదే ప్రోగ్రాం రాశాడు, తనకూ కనిపించేటట్టు ఒక దారి చేసుకున్నాడు, ఆ దారిని నేను చెత్త అనుకుని ఊడ్చేశాను.

"ఉండనియ్ నీతా," అన్నాడు. "గట్లనే ఉండనియ్. రేపు వరసలు యాదుంచుకొని చెప్తా. వాళ్లకు ఎర్కైతే రంగుల పని నాకెందుకు ఇస్తరు?"

"తర్వాత రోజూ యాదుంచుకుంటవా?"

అతను లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

తీసేసింది తీసేసినట్టు వెనక్కి తెచ్చాను. దాన్ని విడిగా ఒక చిన్న ఫంక్షన్ చేసి, పేరు రాసే చోటు ఖాళీగా వదిలి లాప్‌టాప్ అతని ముందుకు నెట్టాను.

"అన్నిటికి నేను పెట్టిన. దీనికి నువ్వు పెట్టు. ఉత్త ఎక్స్‌త్రీ అని పెట్టినా నేనేమన."

ఏదో కొట్టి చెరిపేశాడు. తర్వాత ఇంగ్లీషులో టైపు చేశాడు. ఎరుపు, పచ్చ తేడా తెలియనివాళ్ల కోసం అని దాని అర్థం. అత్తమ్మ ఏం రాశాడని అడిగింది. చెప్పాను. ఆమె కూర పళ్లెం తీసుకుని గది ముందు గ్యాలరీలోకి వెళ్లిపోయింది.

సోమవారం నేను సెలవు పెట్టి కెమెరాకు అందకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాను. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడింది. వీడియో కాల్‌లో మేనేజరు, పుణే నుంచి ఒకామె, ఒకాయన. కోడ్ తెర మీద పెట్టి రితేశ్ చదవమన్నాడు. వాళ్లే చదువుకుంటూ పోయారు, ఎక్కడా ఇదేమిటని అడగలేదు. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి. అప్పుడు ఆ ఫంక్షన్ వచ్చింది.

"తేడా తెలియనివాళ్ల కోసమా?" అంది పుణే ఆమె ఇంగ్లీషులో. "ఇది ఎవరు అడిగారు?"

రితేశ్ కళ్లు మూసుకున్నాడు. "ఎవరూ అడగలేదు," అన్నాడు. "నాకే తెలియదు. పుట్టినప్పటి నుంచీ. గీత లేకపోతే ఈ ప్రోగ్రాం నేనే చదవలేను."

అత్తమ్మ తలుపు వదిలి నా పక్కకు వచ్చింది.

"అయితే ఇది వాళ్ల కోసమే అనడం ఎందుకు?" అన్నాడు మేనేజరు. "ఉన్నదున్నట్టు అందరికీ ఉంచితే పోదా?"

"గీతలు ఎక్కువైతే చదవడం కష్టం," అంది ఆమె. "గీతను కావలసినవాళ్లే పెట్టుకునేలా ఒక సెట్టింగ్ చేయాలి, నీలం కలపడం మాత్రం అందరికీ ఉంచాలి." పక్కనున్నాయన కాదన్నాడు. ముగ్గురూ ఆ ముక్క మీద పడి వాదించుకోవడం మొదలుపెట్టారు. రితేశ్ ఇంకా కళ్లు తెరవలేదు.

అత్తమ్మకు ఇంగ్లీషు రాదు. "నవ్వుతున్నరా బిడ్డా?" అని గుసగుసగా అడిగింది.

"లేదత్తమ్మా. పని గురించి కొట్లాడుతున్నరు."

"రితేశ్," అన్నాడు మేనేజరు, "సెట్టింగ్‌గానే పెడదాం. పని నీ దగ్గరే ఉంటుంది, శుక్రవారానికి నువ్వే చేసి ఇవ్వు."

నువ్వే అన్న మాట విని రితేశ్ కళ్లు తెరిచాడు. ముందు తెర వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "సరే సార్," అని జవాబిచ్చి, మైక్ ఆపి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అత్తమ్మ వచ్చి అతని పక్కన కూర్చుని వీపు నిమిరింది.