'తడి గడప' ఆఖరిదాకా చూసిన మనిషి

నేను ఒక వీడియో క్యాసెట్టును. ఆ మాట వినగానే "పాత సామాను గోల మనకెందుకు" అని లేచిపోయేవాళ్లుంటారు. నాకేం కోపం రాదు. మధ్యలో లేచిపోయినవాళ్లను నేను చూసినంతమందిని ఇంకెవరూ చూసి ఉండరు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో నల్లటి టేపు చుట్టి, నాలుగు మరలు బిగించారు. మద్రాసులో ఓ ఇరుకు గదిలో నా మీద ఒక మలయాళం సినిమా ఎక్కించారు. సొంత రాష్ట్రంలోనే వారం ఆడని సినిమా అది. అట్ట మీది అక్షరాలు రేపల్లెలో ఎవరికీ రావు. నన్ను అక్కడికి తెచ్చుకున్న నాంచారమ్మ రెండుసార్లు చూసి, కాసేపు ఆలోచించి, తెల్లకాగితం మీద 'తడి గడప' అని రాసి అంటించింది. సగంమంది దాన్ని 'తాడిగడప' అని చదువుకుని, బెజవాడ పక్కన ఊరి మీద కూడా సినిమా తీశారా అని అడిగేవాళ్లు.

నాంచారమ్మ రేపల్లె స్టేషన్ రోడ్డులో వీడియో లైబ్రరీ నడిపేది. బోర్డు మీద ఉన్నది అమ్మవారి పేరనుకుని చెప్పులు విప్పి లోపలికొచ్చినవాళ్లూ ఉన్నారు. కొత్త సినిమాలు ముందు అరలో ఉండేవి. "అవి మీరే తీసుకోండి, వాటికి నా సాయమెందుకు" అనేది. ఆవిడ ప్రాణమంతా వెనక అరలోనే. ఎవరికీ తెలియని దెయ్యం సినిమాలు, ఆడక మూలపడ్డ వింత సినిమాలు అక్కడుండేవి.

"మీకు దేనికి భయం? చీకటికా, నీళ్లకా, మనుషులకా?" అని అడిగి, జవాబును బట్టి అరలో చెయ్యి పెట్టి ఒకటి తీసిచ్చేది. రబ్బరు మొసలి ఊరి మీద పడే సినిమా ఒకటుంది. మొసలి వీపు మీద జిప్పు స్పష్టంగా కనపడుతుంది. నవ్వినవాళ్లతో, "నవ్వండి, తప్పులేదు. కానీ ఆ జిప్పు బిగించుకుని, ఊపిరాడకపోయినా నీళ్లలోకి దిగాడే, వాడి ధైర్యం చూడండి" అనేది. ఆ తర్వాత ఎవరికీ మొసలిని వెక్కిరించబుద్ధయ్యేది కాదు. సినిమాను అంత మర్యాదగా చూసే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ లైబ్రరీలో లోకంలో లేని పద్ధతి ఒకటుండేది. 'దయచేసి రివైండ్ చెయ్యవద్దు' అని గోడ మీద రాయించింది. ఎవరు ఎక్కడ ఆపారో అక్కడే తెచ్చి ఇవ్వాలి. ఆవిడ క్యాసెట్టును మిషన్లో పెట్టి, ఆగిన బొమ్మ చూసి, ఆ మనిషికి ఎక్కడ గుండె జారిందో కనిపెట్టేది. దాన్నిబట్టి తర్వాతి సినిమా చెప్పేది.

నాలో దెయ్యం ఎక్కడా కనపడదు. సముద్రం పక్కన ఓ ఇల్లు, ఇంట్లో అత్తా కోడలూ. రోజూ తెల్లారేసరికి గడప తడిసి ఉంటుంది, కోడలు తుడుస్తుంది. అంతే కథ. కానీ నాంచారమ్మ లెక్కలో నన్ను పూర్తిగా చూసినవాళ్లు లేరు. సైన్సు మాస్టారు దేవసహాయంగారు దెయ్యాల్లేవని ఊరంతా ఉపన్యాసాలిచ్చేవారు. ఆయన నన్ను నలభయ్యో నిమిషం దగ్గర ఆపి తెచ్చి, "కరెంటు పోయిందమ్మా" అన్నారు. గడప లోపలివైపు నుంచి తడిసే చోటది. నాంచారమ్మ బొమ్మ చూసి, "కరెంటు కూడా జడుసుకున్నట్టుంది మాస్టారూ" అని, ఆయన మొహం చిన్నబోకుండా వెంటనే రబ్బరు మొసలిని చేతిలో పెట్టింది.

పైకి అలా నవ్వేది గానీ, ఆవిడకు దిగులుండేది. నా చివరి నాలుగు నిమిషాల గురించి మాట్లాడుకోవడానికి ఆవిడకు మనిషి లేడు. "ఈ ఊళ్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆఖరిదాకా చూస్తే చాలు" అని నన్ను తుడుస్తూ అనుకునేది. మళ్లీ చూస్తే అలాంటి మనిషితోనే చూడాలని ఒట్టు కూడా పెట్టుకుంది. ఏడేళ్లు ఆ ఒట్టు మీదే ఉంది.

ఇక్కడే నా కడుపుమంట చెప్పాలి. ఆ ఒక్కడూ ఉన్నాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ప్రభుదాసు. రోజంతా 'హలో హలో' అనీ అనీ, బయటికొచ్చాక నోరు విప్పడు. మొదటిసారే నన్ను ఆఖరిదాకా చూశాడు. ఆ చివరి ముక్క వెనక్కి తిప్పి తిప్పి మళ్లీ చూశాడు. ఆ తర్వాత పద్ధతైన మనిషిలా మొత్తం రివైండ్ చేసి తెచ్చి ఇచ్చాడు. గోడ మీది రాత చదవలేదా అంటే, చదివాడు. రివైండ్ చెయ్యొద్దనే లైబ్రరీ ఎక్కడైనా ఉంటుందా, పెయింటరు 'చెయ్యండి' రాయబోయి పొరపాటు పడ్డాడనుకున్నాడు.

మొదటికి తిప్పిన క్యాసెట్టూ అసలు పెట్టని క్యాసెట్టూ చూడ్డానికి ఒకటే. నాంచారమ్మ "ఎలా ఉందండీ?" అంది. ఆయన "బాగుందండీ" అన్నాడు. చూడనివాళ్లంతా అనే మాటే అది. ఆవిడ మొహం వాడిపోయింది. అలా పదకొండుసార్లు తీసుకెళ్లాడు, పదకొండుసార్లూ మొదటికి తిప్పి తెచ్చాడు. ఎవరూ అడగని క్యాసెట్టని జాలిపడి తీసుకెళ్తున్నాడని ఆవిడ అనుకుంది. జాలి అంటే ఆవిడకు ఒళ్లుమంట. నాకా, నోరు లేదు. గంటన్నర పాటు ఇంకొకళ్ల మాటలు మోసే నాకు సొంతంగా ఒక్క ముక్క చెప్పే యోగం లేకపోయింది.

తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, సీడీలు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున నాంచారమ్మ లైబ్రరీ మూసేస్తూ, క్యాసెట్లన్నీ అడిగినవాళ్లకు పంచుతోంది. ప్రభుదాసు వచ్చి నన్ను అడిగాడు.

"అది ఇవ్వను" అంది నాంచారమ్మ. "చూసేవాళ్లకే ఇస్తాను. మీరు ఇన్నిసార్లు పట్టుకెళ్లారు, ఒక్కసారన్నా మిషన్లో పెట్టారా?"

ఆయన బిక్కమొహం వేసి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనే అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"ఒక్క మాట అడిగి పోతానండీ. ఆఖర్న గడప తుడిచే చెయ్యి అత్తదంటారా, కోడలిదంటారా? మొహం చూపించడు గదా."

నాంచారమ్మ చేతిలో క్యాసెట్లు బల్ల మీద పెట్టేసింది. కళ్లు తుడుచుకుని, స్టూలు లాగి ఆయన ముందు వేసింది.

"కూర్చోండి" అంది. "అత్తదే. అందులో అనుమానమేముంది?"

"కాదండీ, కోడలిదే. గాజులు చూడండి."

"గాజులా? ఏం గాజులు?"

"రెండు మట్టిగాజులండీ. ఒకటి బీట వారి ఉంటుంది. అది కోడలిదే."

ఏడేళ్లుగా నన్ను గుండెల్లో పెట్టుకున్న మనిషి ఆ గాజులు గమనించనే లేదు. గబగబా నన్ను మిషన్లో పెట్టి చివరికి తిప్పింది. ఇద్దరూ టీవీ ముందుకు వంగారు. సముద్రం హోరు వినపడింది గానీ, తెర మీద బొమ్మ మాత్రం రాలేదు. ఆ నాలుగు నిమిషాలూ ప్రభుదాసు వెనక్కీ ముందుకీ తిప్పి అరగదీసేశాడు. చెయ్యి లేదు, గాజుల్లేవు, అంతా తెల్లటి చుక్కలు. ఆ చెయ్యి ఎవరిదో గుర్తు తెచ్చుకుందామంటే నాకే తెలియడం లేదు.

ఆయన సిగ్గుతో తల వంచుకున్నాడు. "నేనే పాడుచేశానండీ. ఇక తేలదు."

నాంచారమ్మ ఆ తెల్లచుక్కలను తృప్తిగా చూస్తూ కూర్చుంది.

"తేలకపోతే ఏం?" అంది. "రేపు కూడా రండి, మాట్లాడుకుందాం."