ఇష్టపూర్వకంగా కూర్చున్న ఇద్దరు

ఎల్లస్వామికీ సిద్దయ్యకూ మాటల్లేక పన్నెండేళ్లయింది. ఇద్దరూ నేతగాళ్లు. ఇద్దరి మగ్గాలకూ నడుమ ఒకటే గోడ. పైగా ఎల్లస్వామి భార్య యాదలక్ష్మి సిద్దయ్యకు సొంత చెల్లెలు. ఎల్లస్వామిది ఎర్రజెండా, సిద్దయ్యది కాడెడ్ల గుర్తున్న సర్కారు పార్టీ. నార్కట్‌పల్లి బస్సు ఎన్నింటికని అడగాలన్నా సిద్దయ్య గోడకు ఇవతలున్న చెల్లెలినే అడిగేవాడు. జవాబు తెలిసిన ఎల్లస్వామి పక్కనే ఉండి, "పది గంటలకని చెప్పు," అని ఆమెతోనే అనేవాడు. ఆమె ఆ మాటను మళ్లీ అన్న చెవిన వేయాలి. వేయకపోతే సిద్దయ్య వినబడనట్టే కూర్చునేవాడు, బస్సు పోయినా సరే.

అరవై ఒకటో సంవత్సరంలో పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒక హుకుం వచ్చింది. పడని పార్టీల వాళ్లు ప్రతి ఊళ్లోనూ కలిసి కూర్చుని, ఇష్టపూర్వకంగా మాట్లాడుకోవాలట. ఖర్చు సర్కారుదే. జంపఖానా, రెండు కుర్చీలు, చాయ్ సామాను ఇస్తారట. గ్రామసేవక్ రామచంద్రం సైకిలు దిగీ దిగగానే ఎల్లస్వామి ఇంటికి వచ్చాడు.

"అన్నా, ఇష్టముంటెనే రావాలె. బలవంతం లేదు," అన్నాడు.

"ఇష్టం లేదు," అన్నాడు ఎల్లస్వామి, మగ్గం మీద నాడె ఆడించడం ఆపకుండా.

"గట్లంటెట్ల? గురువారం లోపల ఇష్టమున్నోళ్లు ఇద్దరు దొరకకుంటె నా నౌకరి పోతది."

అతను తెచ్చిన కాగితం చివర 'బలవంతమేమైనా జరిగినదా?' అని ఒక గడి ఉంది. రామచంద్రం అందులో 'లేదు' అని ముందే రాసి పెట్టుకున్నాడు. అంతదాకా నూలు కండెలు చుడుతున్న యాదలక్ష్మి లేచి, మొగుడి చేతిలో కలం పెట్టింది.

"పన్నెండేండ్లు మోసిన మీ ముచ్చట్లు. నా నోరు అరిగిపోయింది. నువ్వు సంతకం పెడుతవా, నేను మా అవ్వగారింటికి పోవాల్నా?"

ఆమె పుట్టిల్లంటే గోడవతలిదే. అయినా ఎల్లస్వామి భయపడ్డాడు. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టాడు. సిద్దయ్య సంతకమూ అదే ఇష్టంతో పడింది.

గురువారం పొద్దున పంచాయతీ వరండాలో ఊరంతా చేరింది. సమితి నుంచి వచ్చిన అధికారి రఘుపతి కోస్తా వైపు మనిషి. చేతిలో బడిగంట లాంటి చిన్న గంట ఉంది. ఆయన నిబంధన చదివాడు. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలి. చెప్పినవాడు "సరిగ్గా చెప్పారు" అనేదాకా చెబుతూనే ఉండాలి.

ముందు సిద్దయ్య వంతు. సాగర్ కట్ట లేస్తున్నది, రోడ్లు పడుతున్నయి, బళ్లు వస్తున్నయి, ఇదంతా కాడెడ్ల పుణ్యమని చెప్పాడు. ఎల్లస్వామి ముఖం చేదుగా పెట్టి రెండు ముక్కల్లో ముగించాడు.

"సరిగ్గ చెప్పలె," అన్నాడు సిద్దయ్య, అధికారితో.

ఎల్లస్వామి రెండోసారి చెప్పాడు, సిద్దయ్య కాదన్నాడు. మూడోసారీ కాదన్నాడు. "కట్ట మాట దగ్గర గొంతు జర లెవ్వాలె," అన్నాడు. ఐదోసారికి ఎల్లస్వామికి రోషం పొడుచుకొచ్చింది. కుర్చీ ఎక్కి, చేయి ఊపుతూ, కట్ట మీంచి నీళ్లు దూకినంత జోరుగా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవరో జై కూడా కొట్టారు. సిద్దయ్య కళ్లు తుడుచుకుని, "గిప్పుడు కరెక్ట్. మా లీడర్లు గూడ గింత మంచిగ చెప్పలె," అన్నాడు.

ఎల్లస్వామి సిగ్గుతో కుర్చీ దిగాడు. తరువాత తన వంతులో అంతకంతా తీర్చుకున్నాడు. దున్నేవాడికే భూమి అన్న మాట సిద్దయ్య చేత తొమ్మిదిసార్లు చెప్పించాడు. తొమ్మిదోసారి సిద్దయ్య పిడికిలి దానంతటదే లేచింది. నర్సింగమ్మ అనే కూలిమనిషి లేచి, "నీ జెండా కింద నా పేరు రాసుకో అన్నా," అంది. తనకు ఆ జెండా లేదని సిద్దయ్య ఎంత చెప్పినా ఆమె వినలేదు.

అప్పుడు ఎల్లస్వామి గొంతు మారింది.

"పోలీసు చర్య అయినంక, మిలిటరోళ్లు ఊరి మీద పడ్డనాడు, నేను జొన్నచేన్ల దాక్కున్న. ఒకడు చెయ్యి లేపి చూపెట్టిండు. నా కండ్లతోని చూసిన. మూడేండ్లు జైల్ల ఉన్న."

గంట మోగింది. సిద్దయ్య తిరిగి చెప్పాలి.

"మిలిటరోళ్లు వచ్చిననాడు..." అని సిద్దయ్య ఆగిపోయాడు. "నేను చెయ్యి చూపెట్టిన. పడమటి తొవ్వ దిక్కు చూపెట్టిన. నువ్వు తూర్పు చేన్ల ఉన్నవని నాకెర్కే. వీడు బామ్మర్ది గద, అబద్ధమే చెప్తడని వాళ్లు ఉల్టా తూర్పు దిక్కే పోయిండ్రు."

"మీ మాటలు కలపకూడదండీ. ఆయన చెప్పిందే చెప్పాలి," అని రఘుపతి గంట కొట్టాడు.

ఎల్లస్వామికి గంట వినబడలేదు. ఆ చేయి అతని కళ్ల ముందు పన్నెండేళ్లు లేచే ఉంది. అది ఏ దిక్కుకు ఉందో ఒక్కసారీ చూసుకోలేదు.

"నిజమేనా బావా? నాకెందుకు చెప్పలె?"

"ప్రశ్నలకు అనుమతి లేదండీ!"

"నువ్వు మాట్లాడితివా నాతోని? చెల్లెతోని చెప్పి పంపే ముచ్చటనా గిది?"

గంట మళ్లీ మోగింది. ఇద్దరూ ఒక్కసారే తిరిగి, "జర ఊకో సారూ!" అన్నారు. కుర్చీలు వదిలేసి వీధిలోకి నడిచారు. చాయ్ చల్లారిపోయింది. చివరి వాక్యం తిరిగి చెప్పకుండానే సభ్యులు వెళ్లిపోయినందున ఈ ఊళ్లో సంభాషణ జరగలేదని రఘుపతి రాసుకుని పోయాడు.

వారం తిరగకముందే ఎల్లస్వామిని ఎర్రజెండా సంఘం వాళ్లు పిలిపించి, కాడెడ్లలో ఎప్పుడు కలిశావని అడిగారు. సిద్దయ్యనూ అతని పార్టీవాళ్లు అదే తీరుగా నిలేశారు. ఇద్దరూ కోపంతో బయటికొచ్చి, ఎవరి పార్టీని వాళ్లు మునుపటి కంటే గట్టిగా పట్టుకున్నారు. ఇప్పుడు తిట్టుకోవడానికి యాదలక్ష్మి అక్కరలేదు. గోడ మీదుగా నేరుగానే తిట్టుకునేవారు.

మరుసటి ఏడు ఓట్లు వచ్చాయి. బావా బావమరదులు కలిసే బయలుదేరారు. దున్నేవాడికి భూమి ఎట్లా పంచాలన్న దగ్గర దారిలోనే ఆగిపోయి, పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. చేరేసరికి ఓటు పెట్టెలకు సీలు వేస్తున్నారు. ఆ రెండిళ్లలో ఓటు వేసింది యాదలక్ష్మి ఒక్కతే.

"ఎవ్వలికేసినవ్?" అని ఇద్దరూ అడిగారు.

"మీకెందుకు?" అంటూ ఆమె వంటింట్లోకి పోయింది.