హోల్గెర్ బొటనవేలు

...కాబట్టి తప్పంతా గున్వోర్‌దే. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, పడవ కట్టు విప్పుతుంటే రేవులో నిలబడి "బాగా పడాలి" అని నోరారా దీవించింది! చేపలకు వెళ్లేవాణ్ణి "ఒక్కటీ పడకూడదు" అని శపించి పంపాలని వేనెర్న్ సరస్సు ఒడ్డున పసిపిల్లలకు కూడా తెలుసు. కావాలనే అందా? లోలోపల మొగుడి ఓటమినే కోరుకుంటోందా? ఈ ప్రశ్నను హోల్గెర్ పొద్దుటి నుంచి నమిలి పిప్పి చేశాడు. ఈ సాయంత్రం తను పట్టబోయే సాల్మన్ చేప తిందురుగాని రమ్మని వీధి వీధంతా పిలిచింది మాత్రం తనే. అది గుర్తొచ్చినప్పుడల్లా మనసు గబగబా గున్వోర్ మీదికి మళ్లేది.

ఏప్రిల్ ఎండకు వెలుగే గాని వేడి లేదు. మనిషి నడకంత నిదానంగా పడవ పోతోంది. వెనక గేలాలు బారులు తీరాయి. నీటి అడుగు చూపించే తెర మీద చేపలు కనపడుతూనే ఉన్నాయి, పడటమే లేదు.

"బావా, ఇన్ని యంత్రాలతో చంద్రుడి మీదికి పోవచ్చు," అన్నాడు చుక్కాని దగ్గర కూర్చున్న సిక్స్‌టెన్, గున్వోర్ తమ్ముడు. "చేప దగ్గరికే పోలేకపోతున్నాం."

"నోరు మూసుకుని తిన్నగా నడుపు."

"ఏటా తిన్నగానే నడుపుతున్నా. అక్క ఈసారీ ముందుగానే హెర్రింగ్ చేపలు కొని ఊరబెట్టి ఉంచింది, తెలుసా?"

ఆ మాట గేలాలకంటే లోతుకు దిగింది. అంటే తను చేప పడతాడని ఆమె నమ్మలేదన్నమాట! అంతలో ఒక గేలపు కర్ర విల్లులా వంగింది.

చాలాసేపు పెనుగులాడాక చేప వలలోకొచ్చింది. వెండిలా మెరిసే పెద్ద సాల్మన్. హోల్గెర్ దాన్ని రెండు చేతులా ఎత్తాడు.

"అబ్బో! కొవ్వు రెక్క ఉందా, కత్తిరించారా?" అన్నాడు సిక్స్‌టెన్.

తోకకు కాస్త ముందు, వీపు మీద ఉండే బుల్లి రెక్క అది. తొట్లలో పెంచిన చేపపిల్లలకు దాన్ని కత్తిరించి సరస్సులో వదులుతారు. అలాంటివి ఇంటికి తెచ్చుకోవచ్చు. రెక్క ఉంటే నదిలో పుట్టిందని లెక్క, దాన్ని తిరిగి నీళ్లలోకే వదలాలి. హోల్గెర్ బొటనవేలు సరిగ్గా అక్కడే ఉంది. అక్కడికెలా వెళ్లిందో అతనికి తెలియదు. తెలియకుండా ఉండటానికి మనసు చాలా కష్టపడుతోంది.

"వేలు అడ్డుంది," అన్నాడు, అదెవరి వేలో అయినట్టు.

"తియ్యి మరి."

"జారిపోతుంది."

వేలి కింద చెవితమ్మెలా మెత్తగా ఏదో తగులుతోంది. కత్తిరించిన రెక్క గోరులా మళ్లీ పెరగదా? పెరగొచ్చు. ఎవరు చూశారు?

సిక్స్‌టెన్ నవ్వలేదు. "నీ ఇష్టం బావా. నేనటు చూస్తాను," అని ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

చూసేవాడు లేకపోయేసరికి దాచడం కష్టమైంది. చేప మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. హోల్గెర్ మోకాళ్ల మీద వంగి దాన్ని నీళ్లలోకి దించాడు. ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"మీ అక్క హెర్రింగ్ ఎంత ఊరబెట్టింది?"

"వీధంతటికీ సరిపడా," అన్నాడు సిక్స్‌టెన్, వెనక్కి తిరక్కుండానే.

హోల్గెర్ రెక్క మీది నుంచి బొటనవేలు ఎత్తాడు.