తుపాకీ చేతికొచ్చేలోపు

ఎవడో దొంగ సెలూన్‌లో దూరి కత్తెరలన్నీ ఊడ్చుకుపోయిన రోజు నుంచి సెలూన్ యజమానికి తుపాకీ పిచ్చి పట్టుకుంది. తీరా దుకాణానికి వెళ్తే, అడగ్గానే చేతిలో పెట్టేది కాదు, కొన్నాళ్లు ఆగాలి, ఈలోగా అధికారి వచ్చి మీరెలాంటి మనిషో విచారిస్తాడు అన్నారు. ఆ ఆగడమే ఆయనకు చేతకాలేదు. డ్రయ్యర్‌ని నడుముకు దోపుకుని, ఖాళీ దొరికితే చాలు, అద్దం ముందు టక్కున తీసి తనకే గురిపెట్టుకునేవాడు.

భార్యకు మాత్రం ఆ కొన్నాళ్లూ కొన్నేళ్లయితే బాగుండుననిపించింది. మొగుడు మంచివాడే, ఈగను తోలడానికి కూడా మొహమాటపడతాడు. కానీ మహా ఉలికిపాటు మనిషి. వెనక అలికిడైతే చేతిలో ఏదుంటే అది విసిరేసి, ఎవరా అని తర్వాత చూస్తాడు. ఆమె తమ్ముడేమో సెలూన్ వెనకే ఉన్న వాళ్లింటికి ఎప్పుడూ దొడ్డిదారినే వస్తాడు. సెలూన్‌లోంచి వస్తే బావ పట్టుకుని కుర్చీలో కూలదోసి, ముచ్చటగా పెంచుకున్న జుట్టు కత్తిరించేస్తాడని వాడి భయం. అలా వచ్చి ఒకసారి సబ్బునీళ్ల గిన్నె, ఒకసారి స్టూలు నెత్తిన పడేయించుకున్నాడు. రేపు తుపాకీ పేలితే తమ్ముణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి?

"ఏవండీ, మీకు ఉలుకెక్కువ. మనకొద్దండీ."

"నాకా? ఉలుకా? ఏం మాటలే అవి!" అని ఆయన మూతి ముడుచుకున్నాడు.

చివరికి అధికారి రానే వచ్చాడు. గడ్డం గీసే చేతిని చూస్తే మనిషి తెలిసిపోతాడని ఆయన నమ్మకం. నేరుగా కుర్చీలో కూర్చుని గడ్డం అప్పగించాడు. ఆ చెయ్యి ఎంత నెమ్మదిగా సాగిందంటే, విచారణ మధ్యలోనే అధికారికి కునుకు పట్టింది. భార్య తెర వెనక నుంచి ఇదంతా చూసింది. ఇంకేముంది, తుపాకీ వచ్చేసినట్టే! మొగుడి ఉలుకు అధికారి కళ్లారా చూస్తే తప్ప ఆగదు. వంటింట్లోకి పరిగెత్తి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, వెంటనే దొడ్డిదారిన వచ్చెయ్. కాస్త చప్పుడు చేస్తూ రా."

"బావ చేతిలో ఏముందక్కా?"

"వచ్చేసరికి డ్రయ్యరే ఉంటుందిలే. వేడిగాలి తప్ప ఏం రాదు."

"అయితే సరే."

ఆమె లెక్క తప్పలేదు. గడ్డం పని ముగించి, అధికారి తలకు నీళ్లు చల్లి, మొగుడు డ్రయ్యర్ అందుకున్నాడు. వంటింటి వైపు తెర కదిలింది. అప్పటికే ఇవతలికొచ్చి గోడవారన నిలబడ్డ భార్య, నవ్వు దాచుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడు గిరుక్కున తిరిగాడు, నొక్కేశాడు. గాలికి తెర పైకెగిరింది.

తెర వెనక ఉన్నది తమ్ముడు కాదు. బడి నుంచి వచ్చి, మామయ్యలాగే నాన్నను ఉలిక్కిపడేలా చేద్దామని దొడ్డిదారిన దూరిన కూతురు. జుట్టంతా మొహాన పడి పిల్ల కిలకిలా నవ్వుతోంది.

"నాన్నా, నన్ను కాల్చేశావ్!"

ఇంకెవరూ నవ్వలేదు. తమ్ముణ్ణి రప్పించే ఎత్తు వేసింది ఆమే. తనే పిల్లను అక్కడ నిలబెట్టినంత భయమేసింది.

అధికారి తల తుడుచుకుంటూ, "మీరేమైనా చెప్పాలామ్మా?" అని అడిగాడు. ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న ఫిర్యాదులన్నీ ఉన్నాయి కానీ, ఆమె వెళ్లి పిల్ల మొహాన పడ్డ జుట్టు సవరించసాగింది.

మొగుడి చేతిలో డ్రయ్యర్ ఇంకా రొద పెడుతూనే ఉంది. ఆయన దాన్ని ఆపడం కూడా మర్చిపోయాడు.

"నేను చెప్తానండి. ఎవరో చూడలేదు. చూడకముందే నొక్కేశాను. నాకు ఇవ్వొద్దని రాసుకోండి."

ఆ మాట అని మోకాళ్ల మీద కూలబడి పిల్లను గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల గింజుకుంటోంది.

"వదులు నాన్నా! మళ్లీ దాక్కుంటా, మళ్లీ కాల్చు."